ఎడమ పేజీ తీర్పులు

వ్యానులోంచి సామాను దింపుకున్నాక తన నోటుపుస్తకం కనిపించడం లేదని ఇషాక్ సీట్ల కింద వెతుకుతుండగా పోయిన వారం కథ ఆగింది. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారి కోసం నాలుగు మాటలు. ఇషాక్ చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి నాణ్యత తేల్చే సెలెక్టరు. వయసు నలభై ఎనిమిది. సాయంకాలాలు నాటికలు రాసి, ఆడిస్తాడు. అతని తల్లి చాంద్‌బీ వయసులో ఉన్నప్పుడు మిరప కల్లాల్లో కాయల తొడిమలు తీసిన కూలి. ఘాటుకు మండిపోయే చేతులతో పసిబిడ్డను తాకలేక, ఉయ్యాల పక్కనే మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని, బిడ్డ ఏడుపు వింటూ మాటాపలుకూ లేకుండా కూర్చునేదని మేనత్త చెప్పగా విని, ఇషాక్ 'మజ్జిగ గిన్నె' అనే నాటిక రాశాడు. ఈ ఏడాది పది ఊళ్ల నాటక పరిషత్తు పోటీల్లో దాన్ని ఆడించాడు. పదకొండవది, ఆఖరుది, పర్చూరు దారిలోని ఒక ఊరి హైస్కూలు ఆవరణలో ఈ సాయంత్రం ఆరున్నరకు. చాంద్‌బీ ఆ నాటికను చూడబోవడం ఇదే మొదటిసారి.

పుస్తకం పోలేదు. హెలెన్ చేతిలో ఉంది.

మేకప్ గదిగా ఇచ్చినది ఎనిమిదో తరగతి బి సెక్షను. నల్లబల్లకు అద్దం ఆనించి, బెంచీల మీద చీరలు పరిచి, కిటికీ పక్కన కూర్చుని హెలెన్ తీరుబడిగా పేజీలు తిప్పుతోంది. పగళ్లు బ్రాడీపేటలో ఒక దంతవైద్యుడి దగ్గర టోకెన్లు ఇచ్చే ఉద్యోగం ఆమెది. పరిషత్తు వేదికల మీద పదిహేనేళ్ల అనుభవం. ఈ నాటికలో తల్లి పాత్ర ఆమెదే.

"వెతకడం ఆపండి ఇషాక్ గారూ. నా దగ్గరుంది."

ఇషాక్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "అది నా సొంత పుస్తకమండీ."

"సొంతమా? ఇందులో మీ మాట ఒక్కటి చూపించండి, ఇచ్చేస్తాను."

ఆ పుస్తకం పుట్టుక గురించి చెప్పక తప్పదు. రెండేళ్ల కిందట ఒక పరిషత్తులో, తన నాటికను "అపరిపక్వం" అన్న న్యాయనిర్ణేత చేతిలోంచి ఇషాక్ మైకు లాక్కుని, అపరిపక్వం ఎవరో అరగంట సేపు ప్రేక్షకులకు వివరించాడు. ఆ పరిషత్తు వాళ్లు అతని నాటక సమాజాన్ని ఏడాది పాటు వేదిక మెట్టెక్కనివ్వలేదు. అప్పుడు చిన్ననాటి స్నేహితుడు, విత్తనాల కొట్టు బాబ్జీ అతన్ని లాక్కెళ్లి, బ్రాడీపేటలో ఒక ఏసీ హాల్లో మూడు గంటల వ్యక్తిత్వ వికాస తరగతిలో కూర్చోబెట్టాడు. జీవితంలో ఒక్క నాటికా చూసిన పాపాన పోని ఒక టై కట్టుకున్న నిపుణుడు అక్కడ మూడు సూత్రాలు చెప్పాడు. విమర్శను, విమర్శించినవారి పేరుతో సహా, ఉన్నదున్నట్టు ఎడమ పేజీలో రాయండి. ఒక రోజంతా జవాబు చెప్పకండి. మరునాడు కుడి పేజీలో, దాని నుంచి ఏం నేర్చుకున్నారో, ఏం మార్చుకుంటారో రాయండి.

మంచి పద్ధతే. కోపిష్టివాడి చేతికి మైకు బదులు కలం ఇవ్వడాన్ని తప్పుపట్టడానికి లేదు. కాకపోతే ఆ మూడింటి మధ్య ఇంకొక సూత్రం ఉండాలి: అన్న ఆ మాట అసలు నిజమేనా అని ఒకసారి అడిగి చూసుకోవడం. అది చేరిస్తే మూడు గంటల తరగతి ఆరు గంటలవుతుందనుకున్నాడో, ఆ సంగతి తనకే తట్టలేదో, నిపుణుడు దాన్ని వదిలేశాడు. ఇషాక్ కూడా వదిలేశాడు.

మిల్లులో ఇతని సంగతి వేరు. పత్తి నింపిన బోరెంలోంచి చిటికెడు దూది లాగి, రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి, పింజ పొడవు ఇరవై తొమ్మిది మిల్లీమీటర్లు అన్నాడంటే, యజమాని దిగి వచ్చి ముప్ఫై అనమన్నా అనడు. అటువంటి వేళ్లున్న మనిషి తన నాటికను మాత్రం పది ఊళ్ల పెద్దమనుషుల ముందు పరిచి, ఎవరు ఎంత పొడవంటే అంత అని వినయంగా రాసుకున్నాడు. అహంకారం వదిలించుకోబోయి వెన్నెముకను కూడా వదిలించుకునేవాళ్లను ఈ లోకం 'మారిన మనిషి' అని మెచ్చుకుంటుంది. ఇషాక్‌నూ అలాగే మెచ్చుకుంది. ఒక పరిషత్తు వాళ్లయితే 'సహృదయ దర్శకుడు' అని శాలువా కప్పారు.

"వినండి," అంది హెలెన్. "మొదటి ఊరు. ఎడమ పేజీ. 'ముగింపులో తల్లి మౌనంగా ఉండిపోవడం రచనలోని బలహీనత. తల్లి మాట్లాడాలి. పానకాలు మాస్టారు.' కుడి పేజీ. 'నిజమే. తల్లికి మూడు నిమిషాల ప్రసంగం రాయాలి.' రాశారు. నేను బట్టీ పట్టాను. మూడో ఊరు. 'హాస్యం లోపించింది.' కుడి పేజీ. 'నిజమే. బాబ్జీకి ఒక పాత్ర.'"

మూలన బెంచీ మీద కూర్చుని పంచె కుచ్చిళ్లు సర్దుకుంటున్న బాబ్జీ తల ఎత్తాడు. అతనిది విత్తనాల ఏజెంటు వేషం. కల్లంలోకి వచ్చి, మిరప ఘాటుకు ఇరవైసార్లు తుమ్మి పోవడమే ఆ పాత్ర ధర్మం.

"నన్నెందుకు లాగుతావమ్మా? తుమ్మమన్నారు, తుమ్మాను."

"ఎవరైనా నవ్వారా బాబ్జీ గారూ?"

"ఎందుకు నవ్వలా? ఏడో ఊళ్లో ఒకాయన పొట్ట పట్టుకుని నవ్వాడు." బాబ్జీ మళ్లీ కుచ్చిళ్ల మీదికి వంగాడు. "తర్వాత తెలిసింది, ఫోన్లో ఏదో చూసుకుంటున్నాడంట."

హెలెన్ పేజీ తిప్పింది. "ఆరో ఊరు. 'సమస్య చూపారు, పరిష్కారం చూపలేదు.' కుడి పేజీ. 'నిజమే. చివర్లో ఒక అధికారి వచ్చి కూలీలకు చేతి తొడుగులు పంచాలి.' ఆ అధికారి మీరే. ఎనిమిదో ఊరు. 'స్త్రీ సాధికారత కనబడలేదు.' 'నిజమే. అధికారి తల్లికి శాలువా కప్పాలి.' ఎవరికి ఏది కనబడకపోయినా అది తెచ్చి వేదిక మీద పెట్టాం. ఇంకో రెండు ఊళ్లు తిరిగితే ఉయ్యాల్లో బిడ్డ లేచి జాతీయ గీతం పాడును."

ఇషాక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాత ఇషాక్ అయితే ఈపాటికి ఆ కుర్చీ గాలిలో ఉండేది. "వెటకారం చెయ్యడం తేలికండీ. రెండేళ్ల కిందట నేనెలా ఉండేవాణ్నో మీకు తెలుసు. ఎవరేమన్నా మీద పడేవాణ్ని. ఈ పుస్తకం లేకపోతే నేను మనిషినయ్యేవాణ్ని కాదు."

"అది నిజమేనమ్మా," అన్నాడు బాబ్జీ. "ఆ రోజు వీణ్ని పట్టుకోడానికి నలుగురం కావాల్సొచ్చింది. నా చొక్కా చిరిగింది."

"పుస్తకాన్ని నేనేమీ అనడం లేదు. నేనూ ఇందులోంచే ఒకటి నేర్చుకున్నాను." ఆమె వేలు ఒక పేజీ మీద ఆగింది. "రెండో ఊరు. నాటిక అయ్యాక ఒక కూలి మనిషి మన వ్యాను దగ్గరికొచ్చి అన్నది. 'చేతులు మండే మనిషి కొంగు అట్లా వేళ్లతో పట్టుకోదమ్మా, మోచేత్తో నెడుతుంది.' మీరు రాసుకున్నారు. సంతోషం. నేను సెలవు పెట్టి, పెదకాకాని అవతల ఒక కల్లంలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని తొడిమలు తీసి వచ్చాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ముక్కు తుడుచుకోవాలన్నా మోచేయే. ఆ తర్వాత మూడు రోజులు క్లినిక్‌లో టోకెను ఇవ్వడానికి కూడా నా వేళ్లు పనికిరాలేదు. మరి ఈ మాటకు మీ కుడి పేజీలో ఏముంది?"

ఇషాక్ చూడలేదు. అక్కడేముందో అతనికి తెలుసు.

"ఖాళీ. పుస్తకం మొత్తానికి ఖాళీగా ఉన్న కుడి పేజీ ఇదొక్కటే. ఎందుకంటే ఆవిడ మార్కులు వెయ్యదు."

బయట మైకు సరిచేస్తున్నవాడు 'హలో' అన్న మాటను ఊరందరికీ పదేపదే అప్పజెబుతున్నాడు. ఇషాక్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ రోజు ముఖ్య న్యాయనిర్ణేత పానకాలు మాస్టారే. ఈ దశలో ఏం మార్చినా ఆయన—"

"ఆయన సంగతే చెప్పబోతున్నాను. పదో ఊరు." హెలెన్ చదవబోయి ఆగింది. గుమ్మంలో చెప్పుల చప్పుడయింది.

న్యాయనిర్ణేతలు మేకప్ గదిలోకి రాకూడదని పరిషత్తు నియమావళిలో ఉంది. పానకాలు మాస్టారికి బాత్రూముకు దారి ఎప్పుడూ మేకప్ గది మీదుగానే ఉంటుందన్నది అంతకన్నా పాత ఆచారం. రిటైరైన కాలేజీ లెక్చరరు. నాటక రంగానికి ఆయన చేసిన సేవ ముందు వరసలో కూర్చోవడం. ముప్ఫై ఏళ్లుగా నిరాటంకంగా, కుర్చీ మారకుండా ఆ సేవ చేస్తున్నారు.

"ఏమయ్యా ఇషాక్, ఈసారి ఏం మెరుగులు దిద్దావు?"

"మాస్టారూ, రండి, కూర్చోండి," అని ఇషాక్ లేచి తన కుర్చీ చూపించాడు.

"కూర్చోకూడదయ్యా, నియమం," అని మాస్టారు కూర్చున్నారు. "నీలాంటి శిష్యులు అరుదు. చెప్పింది చెప్పినట్టు చేస్తావు. మిగతావాళ్లు వింటారు, తలూపుతారు, మళ్లీ అదే ఆడతారు."

"మాస్టారూ, నాదొక సందేహమండీ," అంది హెలెన్. ఆమె గొంతులో గౌరవానికి ఏ లోటూ లేదు, అందుకే బాబ్జీ కుచ్చిళ్లు వదిలేసి వినసాగాడు. "మొదటి ఊళ్లో మీరు 'తల్లి మాట్లాడాలి' అన్నారు. పదో ఊళ్లో 'తల్లి అంత మాట్లాడకపోతే బాగుండేది, మౌనమే గొప్ప సంభాషణ' అన్నారు. రెండూ మీవే. రెండింటికీ ఈయన 'నిజమే' అని రాసుకున్నారు. మీరు మౌనమే గొప్పదన్నారని ప్రసంగాన్ని సగానికి తగ్గించి ఇచ్చారు. నేనిప్పుడు సగం గొప్పగా ఉండాలి. ఏది నిజమండీ?"

మాస్టారు నొచ్చుకోలేదు. మెచ్చుకోలుగా నవ్వారు కూడా. "రెండూ నిజమేనమ్మా. విమర్శ అనేది సందర్భాన్ని బట్టి ఉంటుంది."

"మొదటి ఊళ్లో సందర్భమేమిటండీ?"

"అక్కడా? అబ్బో, అక్కడ నా వెనక వరసలో ఎవరో పెళ్లి సంబంధం మాట్లాడుకుంటున్నారమ్మా, గొంతులు చించుకుని. అబ్బాయికి ఎన్ని ఎకరాలో కూడా నాకు తెలిసిపోయింది. అటువంటప్పుడు వేదిక మీద మౌనం ఏం వినిపిస్తుంది? అందుకని తల్లి మాట్లాడితే బాగుండుననిపించింది. రాసేశాను." ఆయన లేచి జేబు తడుముకున్నారు. "పదో ఊళ్లో ప్రేక్షకులు మంచివాళ్లు. నిశ్శబ్దంగా ఉన్నారు. సరే, వస్తాను. గుర్తుంచుకోండి, నేనిక్కడికి రాలేదు."

ఆయన వెళ్లిపోయారు. ఆ గదిలో ఒక మనిషి తొమ్మిది నెలల కష్టాన్ని కాలితో తన్ని వెళ్లానని ఆయనకు తెలియదు. తెలిసి తన్నేవాడికి కొంత విలువైనా ఇవ్వవచ్చు.

బాబ్జీ బెంచీ మీంచి లేచాడు: "ఒరేయ్ ఇషాకూ, అంటే నేను ఇన్నాళ్లూ తుమ్మింది కూడా ఇట్లాంటి దానికేనంటావా?"

కోపం రావలసిన చోట ఇషాక్‌కు ముందు సిగ్గు వేసింది. తన నాటికలో తల్లి నోరు తెరిచింది ఎవరి పెళ్లి సంబంధం కోసమో. ఆ మూడు నిమిషాల ప్రసంగాన్ని మిల్లులో మధ్యాహ్నం అన్నం మానేసి, ప్రతి మాటా తూచి రాశాడు. సంవత్సరానికొకసారి వచ్చి పత్తిని దూరం నుంచి చూసి పెదవి విరిచే కొనుగోలుదారులను అతను ఎంత నీచంగా చూసేవాడో గుర్తొచ్చింది. ఇక్కడ తాను ఆ పెదవి విరుపుకు తారీకు వేసి, పేరు రాసి దాచుకున్నాడు.

"మీ అమ్మగారు ఎప్పుడొస్తారు?" హెలెన్ గొంతు మారింది.

"ఐదున్నరకు ఆటోలో. మా వీధి వాళ్లతో కలిసి."

"ఆవిడకేం చెప్పారు?"

"నీ కథేనమ్మా, వచ్చి చూడు అన్నాను."

"ఆవిడ ఏది చూడాలో మీరు తేల్చండి. ఆవిడ ముందు నేను ప్రసంగం చెప్పి, తొడుగులు తీసుకుని, శాలువా కప్పించుకోవాలా? యాభై ఏళ్ల కిందట ఆ చేతులకు తొడుగులు పంచడానికి ఏ అధికారి వచ్చాడండీ? మీ అమ్మకు జరగని మేలు జరిగినట్టు చూపించి, ఆవిడ చేతే చప్పట్లు కొట్టిస్తారా?"

"అమ్మ ఏదైనా మెచ్చుకుంటుందండీ. నేను చేశానంటే చాలు."

"అలా అనుకునేవాళ్లే ఆవిణ్ని ఇన్నాళ్లూ పిలవకుండా ఉంటారు," అంది హెలెన్.

పది ఊళ్లలో ఒక్కచోటికీ ఇషాక్ తల్లిని తీసుకురాలేదు. దూరమని, మోకాళ్ల నొప్పులని, ఎండలని ఏవేవో చెప్పాడు. ప్రతి పెద్దమనిషి మాటా అచ్చంగా రాసుకున్నవాడు ఆ ఒక్క మనిషి మాట వినడానికి ఎందుకు భయపడ్డాడో ఆలోచించడానికి ఇప్పుడు వ్యవధి లేదు.

"నేను మొదటి ప్రతి ఆడతాను," అంది హెలెన్ లేచి. "మజ్జిగ గిన్నె దగ్గర కూర్చుంటాను. మాట్లాడను. మీరు వేదిక మీదికి రావడానికి నేననాల్సిన సైగ మాట నా నోట రాదు. మీరు అధికారి వేషంలో వస్తే రండి. మానితే మానండి. అది మీరు ఒక రోజు ఆగి రాసుకోవలసిన విషయం కాదు, ఇప్పుడే తేలాలి."

"మరి నేను?" అన్నాడు బాబ్జీ.

"మీరు తుమ్మకండి."

"బతికించావు తల్లీ," అని అతను ముక్కుపుడక పెట్టుకున్నంత సంబరంగా ముక్కు రుద్దుకున్నాడు.

ఆరున్నరకు గంట కొట్టారు. పరిషత్తు కార్యదర్శి సమాజాన్ని పరిచయం చేస్తూ 'విమర్శను పూలదండగా స్వీకరించే అరుదైన దర్శకుడు' అన్నాడు. తెర లేచింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. బడి గోడ మీదుగా వచ్చే వెలుతురులో ముందు వరస ముఖాలు తెర పక్క నుంచి ఇషాక్‌కు స్పష్టంగా కనబడుతున్నాయి. ఎడమవైపు పానకాలు మాస్టారు, తొడ మీద మార్కుల కాగితం. కుడివైపు ఆడవాళ్ల కుర్చీలలో మొదటిదానిలో చాంద్‌బీ. ఇస్త్రీ చేసిన తెల్లంచు చీర. రెండు చేతులూ ఒళ్లో బోర్లించి, వైద్యుడి ముందు కూర్చున్నట్టు కూర్చుంది.

నాటిక దాదాపు మొదటి ప్రతి ప్రకారమే సాగింది. కల్లం, మేస్త్రీ కేకలు, కాయల రాశి. హెలెన్ కొంగును మోచేత్తో నెట్టుకున్నప్పుడు ఆడవాళ్ల వరసలో చిన్న కదలిక వచ్చింది. బాబ్జీ వచ్చి, విత్తనాల సంచి దించి, ఒక్క తుమ్ము కూడా తుమ్మకుండా వెళ్లిపోయాడు. ఎవరూ దేన్నీ కోల్పోయినట్టు కనబడలేదు.

చివరి రంగం. ఉయ్యాల. బాబ్జీ తెర వెనక నుంచి ఫోనులో పసిబిడ్డ ఏడుపు వినిపించాడు. హెలెన్ గిన్నె ముందు కూర్చుని, మణికట్ల దాకా చేతులు ముంచి, తల వంచుకుంది. ఇక్కడే 'మమ్మల్ని పట్టించుకునే నాథుడు లేడా?' అని ఆమె అనాలి. అప్పుడు ఇషాక్, అధికారి కోటుతో, చేతి తొడుగుల పెట్టెతో ప్రవేశించాలి. ఆమె అనలేదు. అయినా ప్రవేశించడానికి అడ్డేమీ లేదు. మూడు అడుగులు. పానకాలు మాస్టారు కలం పైకెత్తి, కాగితం మీద దించకుండా ఆగారు.

ఇషాక్ పెట్టె కింద పెట్టాడు. కోటు విప్పి బాబ్జీ చేతికిచ్చాడు.

బిడ్డ ఏడుపు సాగుతూనే ఉంది. ప్రేక్షకులలో ఎవరూ దగ్గలేదు. తొమ్మిది నెలల తరువాత తన నాటిక తన చేతికి తిరిగి వచ్చినట్టు ఇషాక్‌కు అనిపించింది. కళ్లు తుడుచుకుని తల్లివైపు చూశాడు.

కుర్చీ ఖాళీగా ఉంది.

చాంద్‌బీ వేదిక పక్క మెట్లు ఒక్కొక్కటిగా, మోకాలు పట్టుకుని ఎక్కుతోంది. వాలంటీరు ఎవరో "అమ్మా, అమ్మా" అంటూ చెయ్యి అడ్డం పెడితే దాన్ని పక్కకు నెట్టింది. దీపాల వెలుగులోకి వచ్చి, హెలెన్ ఎదుట నిలబడింది.

"అమ్మాయ్, లే. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చేతులు చల్లబెట్టుకుంటా కూర్చునే తల్లిని నువ్వెక్కడ చూశావ్?"

హెలెన్ చేతులు గిన్నెలోనే ఉన్నాయి. "మీరేనని రాశారమ్మా," అంది మెల్లగా.

"ఎవరు రాశారు? మా ఆడబిడ్డ చెప్పింది విని వీడు రాశాడా?" ఆమె మైకులో మాట్లాడటం లేదు. అయినా ఆఖరి వరస దాకా వినబడుతోంది. "ఊళ్లో నా పరువు నిలబెట్టడానికి ఆమె అల్లిన కథ అది. పోయేదాకా అదే చెప్పింది. చెప్పనీలే అని ఊరుకున్నాను. నేను కూర్చోలా. బిడ్డ ఏడిస్తే ఆగలేక ఎత్తుకున్నాను. కడుక్కోకుండా, ఆ చేతులతోనే ఎత్తుకున్నాను."

ఇషాక్ తెర చాటు నుంచి బయటికి వచ్చాడు. ఒంటి మీద లోపలి చొక్కా, అధికారి ప్యాంటు. "అమ్మా, ఎత్తుకుంటే ఏమైంది? నేను బాగానే ఉన్నానుగా. నాకేం కాలేదుగా."

చాంద్‌బీ అతనివైపు తిరిగింది. ఆ చూపులో జాలి కొంచెమే ఉంది.

"నీకేం అవుద్దిరా? ఆ ఉయ్యాల్లో ఉన్నది నువ్వు కాదు. నువ్వు పుట్టేటప్పటికి అది జరిగి రెండేళ్లయింది."

ఫోనులో ఏడుపును బాబ్జీ ఎప్పుడు ఆపాడో ఎవరూ గమనించలేదు. తెర తాడు పట్టుకున్న మనిషి, ఏం చెయ్యాలో తోచక, కార్యదర్శి ముఖం చూశాడు. కార్యదర్శి దించమని సైగ చేశాడు.

"తెర వెయ్యమాకయ్యా," అంది చాంద్‌బీ, ఆ వైపు చూడకుండానే. హెలెన్ లేచి ఇచ్చిన పీట మీద కూర్చుని, ఉయ్యాలను దగ్గరికి లాక్కుంది. "కూర్చోరా ఇషాకూ. నీకో అక్క ఉండేది."